బస్తాలు వేస్తే పోయే దడ: ఒక ఫోర్ బై ఫోర్ పికప్ కేస్ స్టడీ

ఒకే బండి, ఒకే ఫిర్యాదుతో, అయిదు నెలల్లో మా షెడ్డుకు నాలుగుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లూ మేము బాగుచేశామనే అనుకున్నాము. బండి యజమాని కూడా ట్రయల్ చూసుకుని, బాగైందని చెప్పి, డబ్బు కట్టి తీసుకువెళ్ళారు. రెండుసార్లూ మేము పొరబడ్డాము. పొరపాటు పనితనంలో లేదు, వేసిన విడిభాగాల్లోనూ లేదు. బండిని పరీక్షించే ముందు మేము అలవాటుగా, ఆలోచించకుండా చేసే ఒక పనిలో ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో సస్పెన్షన్, హౌసింగ్ (వెనక ఇరుసు, దాని పళ్ళచక్రాలు ఉండే ఇనుప పెట్టె) పనులు చేస్తూ ఇన్నేళ్ళలో ఆ అలవాటును ఒక్కసారి కూడా అనుమానించలేదు గనకనే ఈ కేసును వివరంగా రాసిపెడుతున్నాను. యజమాని అనుమతి తీసుకున్నాను. ఆయన ఊరు, బండి కంపెనీ, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఇతర వివరాలు వదిలేశాను.

బండి, దాని వాడకం

బండి డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్, ఫోర్ బై ఫోర్. ముందు విష్‌బోన్లతో (చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చేతులతో) కూడిన ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కమాన్ కట్టలు (పట్టీ స్ప్రింగులు). పొడవైన బండి కాబట్టి వెనక ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు బలం తీసుకెళ్ళే కడ్డీ) రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో సెంటర్ బేరింగు మీద వేలాడుతుంది. గేర్‌బాక్సు చివర ఒక క్రాస్ (షాఫ్టును కోణంలో కూడా తిరగనిచ్చే కీలు), సెంటర్ బేరింగు వెనక ఒకటి, హౌసింగు పినియన్ (షాఫ్టు తిప్పే చిన్న పళ్ళచక్రం) దగ్గర మరొకటి, మొత్తం మూడు క్రాసులు. ఈ మూడింటి పేర్లు ముందుముందు చాలాసార్లు వస్తాయి గనక వాటిని వరుసగా ఒకటో, రెండో, మూడో క్రాస్ అని పిలుస్తాను.

యజమాని గుంటూరు వైపు రైతు. మిర్చి, పత్తి వేసే నల్లరేగడి పొలాలు ఆయనవి. వారం పొడుగునా బండి పొలం గట్ల మీద, పుంతల్లో తిరుగుతుంది. సీజనులో మిర్చి బస్తాలతో గుంటూరు యార్డుకు వెళుతుంది. వీలైన ఆదివారాల్లో మిత్రులతో కలిసి కృష్ణ ఇసుకతిన్నెల మీదికో, కొండపల్లి వైపు రాళ్ళదారుల్లోకో వెళతారు. అంటే ఈ బండికి ఒళ్ళు వంచి బరువు మోయడమూ తప్పదు, ఖాళీగా గంతులు వేయడమూ తప్పదు. ఈ రెండు పనులకూ సస్పెన్షన్ నుంచి కావలసినవి ఒకదానికొకటి పొసగవన్నది ఈ కేసుకు మూలం.

మా దగ్గరికి రాకముందే వేరొక చోట బండిని ఎత్తు పెంచారు. ముందు స్ట్రట్ల (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాళ్ళ) పైన 25 మి.మీ. స్పేసర్లు వేశారు, విష్‌బోన్ మీద స్ట్రట్ చక్రానికి బాగా లోపలగా నిలుస్తుంది కాబట్టి ఆ 25 చక్రం దగ్గరికి వచ్చేసరికి దాదాపు 50 అవుతుంది. వెనక కమాన్ కట్టకూ హౌసింగుకూ మధ్య 50 మి.మీ. ఇనుప దిమ్మలు పెట్టి, పొడవాటి యూ బోల్టులతో బిగించారు. టైర్లు 245/70 ఆర్ 16 నుంచి 265/75 ఆర్ 16కు మార్చారు. లెక్క ప్రకారం టైరు వ్యాసం 749 మి.మీ. నుంచి 804 మి.మీ.కు పెరిగింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. దిమ్మలు వేసినందువల్ల బండి బాడీ లేస్తుంది గాని హౌసింగు నేలకు ఎంత దగ్గరగా ఉండేదో అంతే దగ్గరగా ఉంటుంది. హౌసింగు గుండు రాయికి తగలకుండా కాపాడేది టైరు వ్యాసంలో పెరిగిన దానిలో సగం, అంటే సుమారు 27 మి.మీ. మాత్రమే. ఎత్తు పెంచమని వచ్చే పదిమందిలో తొమ్మిదిమందికి ఈ సంగతి తెలియదు. చెబితే నమ్మరు కూడా.

వచ్చిన ఫిర్యాదు

జూలై ఆఖరులో బండి మొదటిసారి వచ్చినప్పుడు మా జాబ్ కార్డు మీద రాసింది ఒకే మాట: వైబ్రేషన్. కాని యజమాని చెప్పినవి మూడు మాటలని తరవాత నెమరు వేసుకుంటే గుర్తొచ్చింది. ఎనభై దాటితే స్టీరింగ్ ఆడుతోందన్నారు. నిలబడి కదిలేటప్పుడు సీటు కింద దడదడమంటోందన్నారు. మూడో మాట మాత్రం ఆయన నవ్వుతూ అన్నారు: "బస్తాలేస్తే ఏం ఉండదండీ, బుద్ధిగా పోద్ది. ఖాళీగా ఉంటేనే దానికి ఈ వేషాలు." మేమూ నవ్వి ఊరుకున్నాము. కార్డు నింపిన కుర్రాడిని తప్పుపట్టలేను; మూడు వాక్యాలను ఒక్క మాటలోకి కుదించడం నేను నేర్పిన పద్ధతే.

మొదటి మూడు ప్రయత్నాలు

బండి వచ్చిన వెంటనే వాటర్ సర్వీసింగుకు పంపడం మా ఆనవాయితీ. రేగడి మట్టి అంటిన బండి కిందికి దూరి పని చేయడం ఎవరికైనా కష్టమే. ఎక్కడ ఆయిల్ కారుతోందో, ఎక్కడ బుష్ చిట్లిందో కడిగితే తప్ప కనబడదు. ఆ విధంగా కడిగి, చక్రాల బేరింగులలో ప్లే చూసి, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు చూసి, నాలుగు చక్రాలకు బ్యాలన్సింగ్, ఆపైన అలైన్‌మెంట్ చేయించాము. బ్యాలన్సింగ్ మెషీన్ మీద పెద్ద తేడా ఏమీ చూపలేదు. ఎత్తు పెంచిన బండి కనుక కాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి ఉంది, దాన్ని సర్దగలిగినంత సర్దాము. వారధి దాటి జాతీయ రహదారి మీద కాజ టోల్ ప్లాజా వరకు ట్రయల్ వేస్తే తొంభైలో కూడా స్టీరింగ్ కదల్లేదు. కాస్టర్ సర్దడం వల్లనే తగ్గిందని తేల్చి బండి అప్పగించాము.

మూడు వారాలకు బండి మళ్ళీ వచ్చింది. ఈసారి కిందికి దిగి చూస్తే సెంటర్ బేరింగు రబ్బరు ఒక పక్క చిట్లి ఉంది, రెండో క్రాసులో కొద్దిగా ప్లే ఉంది. అరిగిన భాగం కళ్ళెదుట కనబడితే మెకానిక్కుకు అంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు. బేరింగు, మూడు క్రాసులూ మార్చాము. ఆ భాగాలు నిజంగానే అరిగి ఉన్నాయి. మార్చడం వృథా కాదు. అయితే అవి రోగానికి కారణమా, రోగం వల్ల దెబ్బతిన్నవా అన్న ప్రశ్న ఆ రోజు మేము వేసుకోలేదు. పదకొండు వందల కిలోమీటర్ల కిందటే ఒకసారి మార్పించానని యజమాని అన్నప్పుడైనా వేసుకోవలసింది. ట్రయల్ మళ్ళీ సాఫీగా జరిగింది.

మూడోసారి వచ్చేలోపు యజమాని తమ ఊళ్ళోనే ఒక చోట బ్యాలన్సింగ్ చేయించుకున్నారు. ఆ తరవాత రెండు రోజులు బాగా ఉందనీ, మళ్ళీ మొదలైందనీ చెప్పారు. మేము ఎప్పటిలాగే ముందు కడిగించాము. ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి, బ్యాలన్స్ చూడమని లేత్‌కు పంపాము. చిన్న తేడా ఉంటే సరిచేసి ఇచ్చారు. బిగించి ట్రయల్‌కు వెళితే, ఈ బండి చరిత్రలో మొదటిసారిగా, మా షెడ్డు నుంచి బయలుదేరిన బండి తొంభైలో వచ్చినప్పటికంటే ఎక్కువగా స్టీరింగ్ ఆడించింది. అంతవరకు ప్రతిసారీ తగ్గుతూ వచ్చినది ఈసారి పెరిగింది. మెకానిక్కుగా ఆ సాయంత్రం నాకు చాలా చిరాకు కలిగింది గాని, కేసు మలుపు తిరిగింది అక్కడే.

కడిగే కుర్రాడి మాట

చక్రాలు విప్పి చూస్తే కుడి ముందు చక్రానికి ఒకే చోట 90 గ్రాముల సీసం తూకాలు అంటించి ఉన్నాయి. మంచి రిమ్ముకు, మంచి టైరుకు అంత బరువు ఒకే చోట పడదు. రిమ్ము వంగిందా అని తిప్పి చూశాము, వంగలేదు. ఏమిటా అని చూస్తుంటే వాటర్ సర్వీసింగ్ చేసే కుర్రాడు పక్కనుంచి అన్నాడు: "ఈ బండికి ఎప్పుడు కడిగినా చక్రాల్లోంచి తట్టెడు మన్ను రాలద్దన్నా. గన్ను పెట్టి పది నిమిషాలు కొడితేగాని ఊడదు."

మూడుసార్లు బండిని కడిగినవాడు అతడే. మొదటి రెండుసార్లూ రోగాన్ని సగం నయం చేసినవాడూ అతడే. మేము ఆ తరవాత చేసిన అలైన్‌మెంటుకు, క్రాసులకు, బేరింగుకు ఆ పుణ్యం కట్టబెట్టుకున్నాము. ఊళ్ళో బ్యాలన్సింగ్ చేసినవారు రిమ్ము లోపల ఎండిన మన్ను ఉండగానే దాని ఎదుటి పక్క తూకాలు అంటించారు. మన్ను ఉన్నంతసేపూ చక్రం సమంగానే తిరిగింది. మా కుర్రాడు మన్ను వదిలించగానే తూకాలు ఒక్కటే మిగిలి, అవే కొత్త అసమానత అయ్యాయి.

నల్లరేగడి గుణం తెలిసినవారికి ఇది వింతగా తోచదు. అందులోని మాంట్‌మోరిల్లోనైట్ బంకమన్ను నీరు తగిలితే ఉబ్బి జిగురులా పట్టుకుంటుంది, ఎండితే కుంచించుకుని రాయిలా గట్టిపడుతుంది. తడిగా ఉండగా రిమ్ము లోపలి గోడకు చుట్టూ అంటుకున్న మన్ను రాత్రి బండి నిలిపి ఉంచినప్పుడు మెల్లగా కిందికి జారి, రిమ్ములో అడుగు భాగాన పేరుకుని, తెల్లవారేసరికి అక్కడే గడ్డ కడుతుంది. రాత్రి బాగానే వచ్చిన బండి పొద్దున్నే స్టీరింగ్ ఆడించడానికి కారణం అదే. లెక్క వేసి చూశాను: ఇరుసు నుంచి 18 సెం.మీ. దూరంలో 250 గ్రాముల మన్ను ఒకే పక్క ఉంటే, ఈ టైరుతో గంటకు 90 కి.మీ. వేగంలో అది 17 కిలోలకు పైగా బలంతో, సెకనుకు దాదాపు పదిసార్లు చక్రాన్ని అటూ ఇటూ లాగుతుంది.

ఆ రోజు అన్ని తూకాలూ పీకి, శుభ్రమైన చక్రాలకు తిరిగి బ్యాలన్సింగ్ చేశాము. స్టీరింగ్ నిలిచింది. లేత్ పనికి తీసుకున్న మజూరీ వెనక్కి ఇచ్చేశాను. రిమ్ముల లోపలివైపు కడుక్కోమని యజమానికి చెప్పి పంపితే కథ అయిపోయేది. కాని ఆయన వెళ్ళేముందు గేటు దగ్గర క్లచ్ వదిలినప్పుడు బండి కింద ఆ దడదడ నాకు వినబడింది. అది కడిగినా పోలేదు, తూకాలు మార్చినా పోలేదు. హైవే మీద తొంభైలో ఏముందా అని చూసే తొందరలో, ఇరవై దగ్గర ఏముందో మేము మూడు నెలలుగా వినలేదు. ఈసారి వచ్చేటప్పుడు కడగకుండా, పొలం నుంచి నేరుగా, ఖాళీగా తెమ్మని చెప్పాను.

రెండు దడలను విడదీయడం

డిసెంబరులో బండి మట్టితో సహా వచ్చింది. ముందు చక్రాలు విప్పి, గీకిన మన్నును సంచుల్లో వేసి తూచాము. నాలుగింటిలో ఎక్కువగా ఉన్నదానిలో 340 గ్రాములు వచ్చింది. ఆ మన్ను తీసి మొదటి కంపనాన్ని పక్కన పెట్టాక, రెండోదాని పని పట్టాము.

ఏది తిరుగుతున్నందువల్ల దడ వస్తోందో తెలియాలంటే సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టడం కంటే నమ్మకమైన దారి లేదు. ఈ బండి హౌసింగు నిష్పత్తి 4.1, చక్రం ఒకసారి తిరిగితే ప్రొపెల్లర్ నాలుగుసార్లకు కాస్త పైగా తిరుగుతుంది. గంటకు 20 కి.మీ. వేగంలో ఈ టైరు సెకనుకు 2.2 సార్లు, ప్రొపెల్లర్ 9 సార్లు తిరుగుతాయి. టైరులో లోపమైతే సెకనుకు రెండు మూడు కుదుపులు, ప్రొపెల్లర్ బరువులో తేడా అయితే తొమ్మిది రావాలి. క్రాసుల కోణంలో తేడా అయితే పద్ధెనిమిది రావాలి, ఎందుకంటే కోణంలో తిరిగే క్రాస్ తన అవతలి షాఫ్టును ప్రతి చుట్టులో రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా తిప్పుతుంది. ఫోనులో కంపనాలు కొలిచే యాప్ ఒకటి పెట్టి, ఫోనును సీటు పట్టా మీద టేపుతో బిగించి, ఎత్తు ఎక్కే చోట రెండో గేరులో ఇరవై దగ్గర నిలకడగా నడిపాము. పద్ధెనిమిది దగ్గర గీత నిట్టనిలువుగా లేచింది. ప్రొపెల్లర్‌ను లేత్‌కు పంపడం ఎంత అనవసరమో ఆ గీత చూశాక అర్థమైంది.

క్రాసుల ఈ వేగమార్పును తుడిచేయడానికి ఉన్న ఉపాయం పాతదే. ఒక క్రాస్ కలిగించిన హెచ్చుతగ్గులను తరవాతి క్రాస్ సరిగ్గా అంతే కోణంతో, తిరగేసి, రద్దు చేయాలి. రెండు కోణాలూ సమానమైతే పినియన్ సాఫీగా తిరుగుతుంది. తేడా కోణాల వర్గాలలో లెక్కకు వస్తుంది కాబట్టి చిన్న కోణాలు క్షమిస్తాయి, పెద్దవి క్షమించవు: మూడు డిగ్రీల దగ్గర వేగమార్పు నూటికి 0.14 మాత్రమే, పది డిగ్రీల దగ్గర నూటికి ఒకటిన్నర.

డిజిటల్ కోణమాపకంతో కొలిచాము. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. బండిని చాసిస్ పట్టుకుని లేపితే హౌసింగు వేలాడిపోయి కోణాలన్నీ అబద్ధం చెబుతాయి. చక్రాల మీద బరువు నిలిచి ఉండగానే కొలవాలి. ఆ విధంగా కొలిస్తే, వెనక్కు దిగే వాలు, ముందు షాఫ్టు 3.5 డిగ్రీలు, వెనక షాఫ్టు 10.2 డిగ్రీలు ఉన్నాయి. కాబట్టి రెండో క్రాస్ 6.7 డిగ్రీల కోణంలో నడుస్తోంది. మూడో క్రాస్ కూడా 6.7 దగ్గర ఉండాలంటే పినియన్ ముందు షాఫ్టుకు సమాంతరంగా 3.5 డిగ్రీల వాలులో ఉండాలి. అది 7 డిగ్రీలలో ఉంది. అంటే మూడో క్రాస్ కోణం 3.2 మాత్రమే, రద్దు కావలసింది సగం కూడా రద్దు కావడం లేదు.

దిమ్మలు విప్పి చూస్తే సంగతి తేలింది. అవి చదునైన దిమ్మలు కావు, ఒక పక్క మందంగా ఉన్న వంకర దిమ్మలు. వేసినవారు తెలియక వేయలేదు. పినియన్ మూతి ప్రొపెల్లర్ వైపు సూటిగా చూడాలన్న నియమాన్ని పాటించి, కావాలనే మూతి పైకెత్తారు. ఆ నియమం ఉంది, కాని అది గేర్‌బాక్సు వైపు జంట క్రాసులు ఉన్న షాఫ్టుకు వర్తిస్తుంది; అక్కడ జంట క్రాసులు తమలో తామే రద్దు చేసుకుంటాయి. విడి క్రాసుల షాఫ్టుకు అదే నియమం తెస్తే ఇలా అవుతుంది. ఒక బండికి మేలు చేసిన మందు ఇంకో బండికి విషమైంది.

ఇక యజమాని నవ్వుతూ చెప్పిన మాట. నలభై కిలోల పైబడ్డ బస్తాలు పదిహేను వేస్తే ఆరు వందల కిలోల పైమాటే. అంత బరువుకు వెనక భాగం ఆరేడు సెంటీమీటర్లు దిగుతుంది. వెనక షాఫ్టు వాలు దాదాపు నాలుగు డిగ్రీలు తగ్గి, రెండో క్రాస్ కోణం మూడు లోపుకు వస్తుంది. రద్దు చేయవలసినదే అంతగా లేనప్పుడు మూడో క్రాస్ తన పని చేసినా చేయకపోయినా ఒకటే. ఖాళీ బండిలో కదిలేటప్పుడు మాత్రం దడ ఎక్కువ కావడానికి మరో కారణం తోడైంది. ఇంజను బలం పడగానే హౌసింగు వెనక్కి మెలిపడి పినియన్ మూతి మరికొంత పైకి లేస్తుంది. హౌసింగుకూ కట్టకూ మధ్య ఉన్న దిమ్మ ఆ మెలికకు గునపంలా సాయపడుతుంది. అప్పటికే ఎత్తుగా ఉన్న మూతి ఇంకా లేస్తే మూడో క్రాస్ కోణం సున్నాకు చేరువై, రెండో క్రాస్ తెచ్చిన దడంతా నేరుగా హౌసింగుకు పోతుంది. జూలైలోనే ఆ ఒక్క మాట కార్డు మీద రాసి ఉంటే, చక్రాలూ బేరింగులూ వదిలి నేరుగా ఎత్తు దగ్గరికి వెళ్ళి ఉండేవాళ్ళం. బరువుతో మారేది ఎత్తు, ఎత్తుతో మారేవి కోణాలు.

ముందు చౌక దారి, తరవాత సరైన దారి

సెంటర్ బేరింగు కింద స్పేసర్లు పెట్టి 20 మి.మీ. దించడం అన్నిటికంటే చవకైన ప్రయత్నం, గంట పని. దాంతో వెనక షాఫ్టు వాలు తగ్గి, రెండో క్రాస్ కోణం 3.5కు వచ్చింది. కదిలేటప్పటి దడ సగానికి పైగా తగ్గింది. కాని ముందు షాఫ్టు చిన్నది కావడంతో అది దాదాపు రెండు డిగ్రీలు వంగి, అంతవరకు అర డిగ్రీ మాత్రమే ఉన్న ఒకటో క్రాస్ 2.4 డిగ్రీలకు పోయింది. దాన్ని రద్దు చేసే జోడీ దానికి లేదు. అరవై, డెబ్భై మధ్య ఇంతకుముందు లేని ఒక సన్నని ఊళ మొదలైంది. ఇంకొంచెం దించితే, ఇంకొంచెం ఎత్తితే అని ఆ రోజంతా గడిపాము. ఒకచోట నొక్కితే మరొకచోట ఉబికింది. దిమ్మలు ఉన్నంతవరకు ఇది తెగదని సాయంత్రానికి ఒప్పుకున్నాను.

దిమ్మలు తీసేసి, వంకర లేని చదును దిమ్మలు వేద్దామని మా పెద్ద మేస్త్రి అన్నారు. కోణం వరకు ఆయన చెప్పింది సరే. అయినా నేను ఒప్పుకోలేదు. మెలిక సమస్య అలాగే మిగులుతుంది, పైగా ఆరు వందల కిలోల బరువుతో గట్ల మీద తిరిగే బండికి కట్ట కింద వదులయ్యే వీలున్న ముక్క ఉండకూడదు. ఎత్తు కావాలంటే అది కట్ట వంపులోనే రావాలి. యజమానిని కూర్చోబెట్టి, 50 మి.మీ. ఎత్తు ఆయనకు ఎక్కడ అవసరమైందో అడిగాను. చాలాసేపు ఆలోచించి, ఇసుకలో ఒకసారి, అదీ టైర్లలో గాలి తగ్గించకపోవడం వల్ల, అన్నారు. చట్టం సంగతి కూడా చెప్పాను: మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే మాట తేల్చి చెప్పింది. నిజం చెప్పాలంటే ఆయనను ఒప్పించింది చట్టం కాదు, పదకొండు వందల కిలోమీటర్లకు ఒక సెంటర్ బేరింగు అన్న లెక్క.

వెనక కొత్త కమాన్ కట్టలు, 25 మి.మీ. ఎత్తు వంపులోనే వచ్చేటట్లు వేయించాము. ముందు స్పేసర్లను సుమారు 12 మి.మీ.కు తగ్గించాము; దానితో పొడవు చాలక లాగబడుతున్న సీవీ జాయింట్ (ముందు చక్రాలకు బలం అందించే కీలు) రబ్బరు బూట్లు కూడా ఊపిరి పీల్చుకున్నాయి. సెంటర్ బేరింగును 8 మి.మీ. మాత్రమే దించి ఉంచాము. ఈ స్థితిలో రెండో క్రాస్ 3.8 డిగ్రీలు, మూడో క్రాస్ 4.3 డిగ్రీలు. రెండూ సరిగ్గా సమానం చేయకుండా పినియన్ మూతిని అర డిగ్రీ కిందికే వదిలేశాను, బలం పడినప్పుడు అది ఎలాగూ లేస్తుంది గనక. టైర్లు సగం కూడా అరగలేదని యజమాని మొదట ఒప్పుకోలేదు, కాని ఎత్తు తగ్గాక పూర్తిగా తిప్పితే టైరు ఫెండరు లోపలి అంచుకు రాసుకుంది. 255/70 ఆర్ 16కు మారారు. అసలు టైరు కంటే వ్యాసంలో నూటికి రెండు లోపే ఎక్కువ.

హౌసింగు ఆయిల్ దించినప్పుడు మరొకటి బయటపడింది. ఆయిల్ పాలకాఫీ రంగులో ఉంది. హౌసింగు మీది బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి) రేగడితో పూర్తిగా మూసుకుపోయింది. వేడెక్కిన హౌసింగు కాలువ నీళ్ళలో దిగి చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, బయటి నుంచి గాలి పీల్చాలని చూస్తుంది. బ్రీదర్ మూసుకుంటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు పీలుస్తుంది. బ్రీదర్ తీసి, గొట్టం వేసి, టెయిల్ ల్యాంపు ఎత్తుకు తెచ్చాము. క్రౌన్ వీల్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ళచక్రం) పళ్ళు అదృష్టం కొద్దీ బాగానే ఉన్నాయి. యజమాని దీని గురించి ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు, చేసే వీలూ లేదు; ఈ లోపం చప్పుడు చేసే నాటికి పళ్ళు పోయి ఉంటాయి.

మా పద్ధతిలో మారినవి

వైబ్రేషన్ అన్న ఫిర్యాదుతో వచ్చిన ఏ బండినీ ఇప్పుడు ముందుగా కడిగించము. వచ్చినది వచ్చినట్టే, మట్టితో, యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ట్రయల్ వేస్తాము. ఆ తరవాత కడుగుతాము. కడిగాక, ఏ పనీ చేయకముందే, మళ్ళీ ట్రయల్ వేస్తాము. ఈ రెండో ట్రయల్‌కు మా వాళ్ళు మొదట్లో విసుక్కున్నారు. ఏ పనీ చేయని బండిని రెండుసార్లు తిప్పడమేమిటన్నారు. కాని ఏది ఎవరు నయం చేశారో తెలిసేది ఆ రెండింటి మధ్యనే. ఒకేసారి రెండు పనులు చేసి ఫలితం ఒకటే చూస్తే, పుణ్యం ఎప్పుడూ ఖరీదైన పనికే పోతుంది. కడిగినందుకు బాగుపడిందని ఎవరూ అనుకోరు.

జాబ్ కార్డులో ఫిర్యాదును యజమాని మాటల్లోనే రాయమంటున్నాను, ఎంత పొడుగైనా సరే. ఎప్పుడు వస్తోంది అన్నదానితో పాటు ఎప్పుడు రావడం లేదు అన్నది కూడా అడిగి రాయాలి. ఈ కేసులో మాకు పనికొచ్చిన సమాచారమంతా రెండో ప్రశ్నకు జవాబులోనే ఉంది. బ్యాలన్సింగుకు ముందు రిమ్ము లోపలివైపు చేత్తో తడిమి చూడడం ఇప్పుడు మా దగ్గర తప్పనిసరి. ఒకే చోట 50 గ్రాముల పైన తూకం అడిగితే మెషీన్ ఆపి, చక్రం దించి, ఎందుకని చూస్తాము.

అరిగిన భాగం కనబడితే మార్చడం మానలేదు. కాని అది ఎన్ని కిలోమీటర్లకు అరిగిందో అడగకుండా మార్చడం మానాము.

ఆ తరవాత ఒక వానాకాలం, ఒక మిర్చి సీజను గడిచాయి. బండి మామూలు సర్వీసుకు వచ్చినప్పుడు కోణాలు మళ్ళీ కొలిచాను. కొత్త కట్టలు కాస్త కూర్చోవడంతో వెనక షాఫ్టు వాలు అర డిగ్రీ తగ్గింది, అది మంచికే. సెంటర్ బేరింగు రబ్బరు చెక్కుచెదరలేదు. హౌసింగు ఆయిల్ శుభ్రంగా ఉంది. పూర్తి ఖాళీ బండితో నిట్టనిలువు గట్టు మీద మొదటి గేరులో కదిలితే మాత్రం ఇప్పటికీ చిన్న దడ ఒకటి వస్తుంది. సెంటర్ బేరింగును మరో రెండు మూడు మిల్లీమీటర్లు సర్దితే అదీ పోవచ్చు, కాని అరవై దగ్గర ఆ ఊళ తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. ఏది కావాలో చెప్పమని యజమానిని అడిగితే, "గట్టు మీద రెండు క్షణాలే కదండీ, ఉండనివ్వండి" అన్నారు. ఉండనిచ్చాము.